అరికెల తొలిముద్ద తిన్న చేతులకు

పందొమ్మిది వందల ఎనభై ఆరు, జూలై పద్నాలుగో తేదీ సోమవారం ఉదయం, మైకల్ కొండలను మూడు రోజులుగా ముసురు కమ్ముకుని ఉన్న వేళ, మన సెమర్‌ఖార్ బ్లాకు వ్యవసాయ కార్యాలయపు హాజరు పట్టికలో తొలిసారిగా ఒక మహిళ సంతకం చేశారు. గ్రామీణ వ్యవసాయ విస్తరణ అధికారిణిగా ఆనాడు విధుల్లో చేరిన శ్రీమతి ఫగునీ మరావీ గారు, ముప్పై ఎనిమిది సంవత్సరాల అవిచ్ఛిన్న సేవానంతరం, ఈ ఆగస్టు ముప్పై ఒకటిన పదవీ విరమణ చేస్తున్నారు. వారితో ఇరవై ఏడేళ్లు కలిసి పనిచేసిన విత్తన గిడ్డంగి నిర్వాహకుడిగా, వారి గురించి నాలుగు మాటలు రాయవలసిందిగా ఈ వీడ్కోలు సంచిక సంపాదకవర్గం నన్ను కోరింది. నాలుగు మాటలతో సరిపెట్టడం నా వల్ల కాలేదు, మన్నించాలి.

ఫగునీ గారు గోండు రైతు కుటుంబంలో, అరికెల అన్నం తిని పెరిగినవారు. అయితే ఉద్యోగంలో చేరిన నాడు వారికి అప్పగించిన పని, ఆ అరికెలనే కొండ మీద నుంచి దింపేయడం. అరికెలు, సామలు పేదరికానికి గుర్తులనీ, వాటి స్థానంలో సోయా వేస్తేనే గిరిజనుడు బాగుపడతాడనీ ఆనాటి పెద్దలు నమ్మారు. కొత్తగా చేరిన ఫగునీ గారూ నమ్మారు. కాలినడకన పల్లెపల్లెకూ తిరిగి, ఉచిత విత్తన సంచులు పంచి, ఎనిమిదేళ్లలో పంతొమ్మిది బైగా గిరిజన గూడేల్లో అరికెల సాగు లేకుండా చేశారు. అందుకు జిల్లా స్థాయి ప్రశంసాపత్రం కూడా అందుకున్నారు. ఈ సంగతి దాచవద్దని, ముందుగా ఇదే రాయమని వారే నన్ను ఆదేశించారు.

తొంభై అయిదు మార్గశిరంలో వారు భాలుపానీ అనే గూడేనికి సోయా దిగుబడి లెక్క తీసుకోవడానికి వెళ్లారు. గూడెం ఇంకా కంటికి కనబడకముందే రోకటి పోట్లు వినబడ్డాయట. ఒక ఇంట్లో కాదు, ఇంటింటా. అరికెలు మానేసి ఆరేళ్లయిన ఊళ్లో ఏం దంచుతున్నారా అని వారు తొలి గుమ్మంలోకి తొంగిచూశారు. జెఠియా బాయి అనే వృద్ధురాలు కళ్లు మూసుకుని రోకలి ఎత్తి వేస్తోంది. రోలు ఖాళీగా ఉంది. పక్కింట్లోనూ ఖాళీ రోలే. ఆ పై ఇంట్లోనూ అంతే.

"ఏం దంచుతున్నావు అవ్వా?" అని అడిగారు ఫగునీ గారు.

"ఏమీ లేదమ్మా."

"ఏమీ లేనిదానికి ఇంత కష్టం ఎందుకు?"

"కొత్త పంట వచ్చే రోజులు కదా. చప్పుడు వినబడకపోతే ఇల్లు మారిందనుకుంటుంది."

"ఎవరు?"

"గింజ. ఇంకెవరు?" అని ఆ అవ్వ కళ్లు తెరిచిందట. "నువ్వే కదా దాన్ని పంపించేసింది? ఉండు, ఇటు కూర్చో. నీ గొంతు వింటే కోపంతోనైనా వస్తుందేమో."

ఫగునీ గారు కూర్చున్నారు. ఆ ఖాళీ రోళ్ల చప్పుడు మధ్య సాయంకాలం దాకా కూర్చుని, లెక్కలు రాసుకోకుండానే తిరిగి వచ్చారు. ఆ ఏడాది నుంచి వారి ఉద్యోగ జీవితం వెనక్కి తిరిగి నడవడం మొదలుపెట్టిందని చెప్పవచ్చు.

నేను తొంభై ఏడులో గిడ్డంగిలో చేరేనాటికి కార్యాలయంలో వారిని కొందరు చాటున "అరికెలమ్మ" అని పిలిచేవారు. సెలవు రోజుల్లో కొండ అవతలి ఊళ్లకు పోయి, అటకల మీద, ఎలకలు పట్టిన బుట్టల్లో మిగిలిన పాత విత్తనాలను గుప్పెడు గుప్పెడుగా అడిగి తెచ్చేవారు. ప్రతి మూటకూ ఊరి పేరు రాసి నా గిడ్డంగిలో ఒక మూల పెట్టించేవారు. అంగన్‌వాడీల్లో పిల్లల బరువులు తూచి, అరికెలు మానిన ఊళ్లలోని చిన్నారులు ఎంత చిక్కిపోయారో పై అధికారులకు ఏటా నివేదికలు పంపేవారు. పదిహేనేళ్లు పంపారు. సమాధానం వచ్చిన నివేదికలు మూడు.

చివరికి ప్రభుత్వమే చిరుధాన్యాల వైపు తిరిగింది. విత్తనానికి రాయితీ, కొనుగోలుకు మద్దతు ధర, అంగన్‌వాడీ భోజనంలో వారానికి రెండు రోజులు అరికెల కిచిడీ అన్న పథకం రెండువేల పన్నెండులో మన బ్లాకుకు మంజూరైంది. దానికి తొలి గ్రామంగా ఫగునీ గారు భాలుపానీనే ఎంచుకున్నారు. జెఠియా బాయి అప్పటికి కాలం చేసింది. ఆ ఊరి పెద్ద సమ్‌హారూ బైగా, మందూ మంత్రమూ తెలిసిన మనిషి, తన పొలంలోనే తొలి విత్తు చల్లించాడు. పంట బ్రహ్మాండంగా వచ్చింది. ఇక్కడే నేను చెప్పదలచిన ఘటన మొదలవుతుంది.

కోతలయ్యాక పనలు కళ్లంలో ఉండగా అయిదు రోజులు వాన పట్టింది. నవంబరు ఇరవై ఎనిమిదిన అంగన్‌వాడీలో తొలి వడ్డన జరగాలని జిల్లా నుంచి అప్పటికే తేదీ ఖరారైంది. వారం ముందు మేమిద్దరం భాలుపానీకి వెళ్లినప్పుడు సమ్‌హారూ గింజను అరచేతిలో పోసుకుని వాసన చూశాడు.

"ఇది తడి తాగింది బాయీ. ఈ ఏడు దీన్ని ముట్టుకోవద్దు. బుట్టలో పెట్టి, పైయేడు తిందాం."

"ఎండబెట్టిస్తున్నాం కదా తాతా. పెద్దసార్లకు మాటిచ్చేశాను. పదిహేనేళ్లు అడిగితే ఇప్పటికి ఇచ్చారు, ఇప్పుడు వాయిదా అంటే మళ్లీ ఇస్తారా?"

"వాళ్లు ఇస్తారో లేదో నాకేం తెలుసు? ఇది ఇంకా నిద్రపోలేదు. నిద్రపోని గింజ తింటే అది మనల్ని నిద్రపుచ్చుతుంది."

"మా నానమ్మ కూడా ఇవే కబుర్లు చెప్పేది" అని ఫగునీ గారు నవ్వారు. నేనూ నవ్వాను.

ఇరవై ఎనిమిదో తేదీ పొద్దున్న జీపు వాగు దగ్గర ఆగిపోయింది. బరువు తూచే యంత్రం నేను భుజాన వేసుకున్నాను. ఇద్దరం నడుస్తూ పదిన్నరకు భాలుపానీ కింది గూడెంలోని సమ్‌హారూ ఇల్లు చేరాము. అతను అప్పుడే పొయ్యి మీద నుంచి దించిన కొత్త అరికెల అంబలిని ఆకుదొప్పల్లో పోసి మా ముందు పెట్టాడు.

"వద్దన్నావుగా తాతా?" అన్నారు ఫగునీ గారు.

"నువ్వు పిల్లలకు పెడతానన్నావు. వాళ్లు తినేది నేను తినకుండా ఎట్లా? తాగు. పంట నీది కూడానూ."

వారు తాగారు. నాకు ఆ రోజు పన్ను పోటు. పొగలు కక్కే దొప్పను నోటి దగ్గర పెట్టుకోలేక పక్కన పెట్టేశాను. నేను ఈనాడు ఈ వ్యాసం రాయగలగడానికీ, ఆనాడు జరిగింది చూసిన మనిషిగా మిగలడానికీ ఆ పన్నే కారణం.

దారిలో రెండు కళ్లాలు చూసుకుని పన్నెండు దాటాక పై గూడెం చేరాము. ఎండ నిండుగా ఉంది. ఒక్క కుక్క మొరగలేదు. మొదటి వాకిట్లో కోళ్లు పక్కకు ఒరిగి పడుకుని ఉన్నాయి, చావలేదు, కళ్లు తెరిచే ఉన్నాయి, ఒక్కో కాలు నెమ్మదిగా గాలిలో నడుస్తోంది. పొయ్యిలో కట్టె మండుతోంది. గోడకు ఆనుకుని భార్యాభర్తలు కూర్చుని ఉన్నారు. నేను పలకరిస్తే ఇద్దరూ ఒకేసారి తలలు ఊపారు, ఆ తలలు ఇక ఆగలేదు. వాళ్ల చేతులు మోకాళ్ల మీద సన్నగా వణుకుతున్నాయి. పక్కింట్లోనూ అదే. ఆ పైన ఒక ముసలావిడ వాకిలి మధ్య నిలబడి, చప్పుడు లేకుండా నవ్వుతూ, చీపురు పట్టుకోకుండానే వాకిలి ఊడుస్తోంది. ఊరంతా మేలుకునే ఉంది, కానీ ఊళ్లో ఎవ్వరూ లేరన్నట్టుంది.

నేను వెనక్కి తిరిగి "దీదీ, పోదాం పదండి, ఈ ఊరికేదో అయింది" అన్నాను. ఫగునీ గారు తమ చేతులను ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూసుకుంటున్నారు. ఆ వేళ్లూ వణుకుతున్నాయి. నోరు తెరిచారు, మాట రాలేదు. నాలుక మడతపడి ఏదో మూలుగు వచ్చింది. అంగన్‌వాడీ వైపు వేలు చూపించారు. నాకు అర్థం కాలేదు. దాహమేమోనని సీసా అందించాను. వారు దాన్ని తోసేసి, తూలుతూ పరుగెత్తారు.

అంగన్‌వాడీ వసారాలో ముప్పై ఒక్క మంది పిల్లలు రెండు వరుసలుగా పళ్లేల ముందు కూర్చుని ఉన్నారు. కార్యకర్త ఇమ్రతీ గరిటె చేతబట్టి, స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది.

"వచ్చారా దీదీ! మీరొచ్చి మొదలుపెట్టేదాకా ఆగమన్నారని ఆపాను. ఆకలని గోల పెట్టేశారు. నాకేమో పొద్దున్న రుచి చూసిన కాడినుంచి తల తిరుగుతోంది."

ఆమె గరిటె ముంచింది. ఫగునీ గారు అడుగు తప్పుతూ వచ్చి, పిల్లల వరుస దాటి, కిచిడీ గుండిగను కాలితో తన్నారు. అది దొర్లి వాకిట్లో బోర్లా పడింది. ఇంకా ఆవిరి లేస్తున్న అన్నం మీద వారు మోకాళ్ల మీద కూలబడి, రెండు చేతులతో మట్టిని తెచ్చి కలపసాగారు.

"అయ్యో, పిల్లల అన్నం! దీదీ, మీకు మతి పోయిందా?" అని ఇమ్రతీ కేక పెట్టింది.

వరుసలో ఒక పిల్ల నవ్వింది. "మేడం తాగొచ్చింది!" పిల్లలందరూ పకపకా నవ్వారు. ఆ నవ్వు మధ్యలోనే ఇమ్రతీ చేతిలోంచి గరిటె జారిపోయింది. ఆమె స్తంభం వెంట మెల్లగా కిందికి జారి, కూర్చుని, తల ఊపడం మొదలుపెట్టింది. పిల్లల నవ్వు ఆగిపోయింది. అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు.

ఆ రోజు కొత్త అరికెలు తిన్న నలభై ఆరుగురు పెద్దలు మంచాన పడ్డారు. ఇళ్లలో కూడా కొత్త అన్నం ముందు పెద్దలే తినే ఆచారం వల్ల, వడ్డన కోసం ఆకలితో కూర్చోబెట్టినందువల్ల, పిల్లలు ఒక్కరూ తినలేదు. నేను వాగు దాకా పరుగెత్తి వైద్యులను రప్పించాను. తడిసిన అరికెల మీద పట్టే ఒక బూజు చేసే పని అది అని వారు చెప్పారు. రెండో రోజుకు చాలామంది తేరుకున్నారు. అందరికన్నా ఎక్కువ తాగిన సమ్‌హారూ మూడో రోజు మధ్యాహ్నం కళ్లు తెరిచాడు. నేను మంచం పక్కనే ఉన్నాను. ఫగునీ గారు తమ చేతికి పెట్టిన సెలైను గొట్టం తీయించుకుని అప్పుడే వచ్చి నిలబడ్డారు.

"మూడు రోజులూ ఒక కళ్లంలోనే ఉన్నాను" అన్నాడు సమ్‌హారూ. "మా అమ్మ, మా అత్త, ఎప్పుడో పోయినవాళ్లంతా బారుగా కూర్చుని ఉన్నారు. ఒక్కరూ పలకరు. అందరి ఒళ్లోనూ ఖాళీ చేటలే. నేను ఎంత పిలిచినా తల ఎత్తలేదు. చివరికి మా అమ్మ ఒక్కటే అడిగింది, 'ఆరనిచ్చావా?' అని."

ఫగునీ గారు నన్ను బయటికి రమ్మన్నారు. బయటికి వచ్చాక, ఆ కళ్లాన్ని, ఆ చేటలను తామూ చూశామని వారు నాతో చెప్పారు. "నన్ను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు రతిరామ్. నా వైపే చూస్తూ కూర్చున్నారు" అన్నారు. వారి అనుమతితోనే దీన్ని ఇక్కడ రాస్తున్నాను. దీనికి అర్థమేమిటో వారూ చెప్పలేదు, నాకూ తెలియదు.

మద్యం సేవించి విధులకు వచ్చి బాలల ఆహారాన్ని నేలపాలు చేశారంటూ వచ్చిన సంజాయిషీ పత్రానికి వారు రాసిన జవాబు మన దస్త్రాల్లో ఉంది. 'మత్తు నిజము. అది నేను తొందరపెట్టి తెప్పించిన ధాన్యము వలన కలిగినది. హెచ్చరించిన రైతు మాట వినలేదు. బాధ్యత నాది' అని నాలుగే వాక్యాలు. నమూనా పరీక్ష ఫలితం రావడంతో ఆ పత్రం ఉపసంహరించారు. కానీ ఊరు తన కోపాన్ని ఉపసంహరించుకోవడానికి సిద్ధంగా లేదు. ప్రభుత్వ విత్తనం వేసినందుకు నేల అలిగిందని ఒకరు, అరికెలు ఇక ఈ కొండెక్కకూడదని ఇంకొకరు. పది రోజుల తర్వాత జరిగిన సభలో ఫగునీ గారు నేల మీద కూర్చుని, చేతులు జోడించి, తప్పు తమదేనని ఒప్పుకున్నారు.

సమ్‌హారూ అన్నాడు, "నేను చెప్పాను, నువ్వు వినలేదు. నేనూ గట్టిగా పట్టుపట్టలేదు. ఇద్దరం తాగాం, ఇద్దరం పడ్డాం. సరిపోయింది."

"నీకు సరిపోయింది తాతా, నాకు సరిపోలేదు" అని తిజ్జో అనే తల్లి బిడ్డను చంకనేసుకుని లేచింది. "బాయీ, నువ్వు మళ్లీ అరికెలు తెస్తావు. నాకు తెలుసు, నువ్వు ఊరుకునేదానివి కాదు. తే. కానీ నా బిడ్డ నోట్లో ముద్ద పడాలంటే ముందు నువ్వు తినాలి. తిని ఇక్కడే కూర్చోవాలి. మేం నీ చేతులు చూస్తాం."

"ఎంతసేపు?"

"అన్నం చల్లారిపోయేదాకా."

"అట్లాగే" అన్నారు ఫగునీ గారు.

ఆ మాటను వారు పదకొండు శీతాకాలాలు నిలబెట్టుకున్నారు. పనలు తడవకుండా టార్పాలిన్లు, నేల తగలకుండా ఎత్తైన ఆరబోత గద్దెలు మంజూరు చేయించారు. కొత్త గింజ ఏడాది నిలవ ఉండనిదే అంగన్‌వాడీకి చేరకూడదని, చేరేముందు వ్యవసాయ కళాశాలలో పరీక్ష జరగాలని నియమం పెట్టించారు. పరీక్ష పత్రం చేతికి వచ్చినా, ప్రతి ఊళ్లో ప్రతి కొత్త బస్తా విప్పిన రోజున, ముందుగా తామే తిని కూర్చునేవారు. ఆ దృశ్యం చూడనివారికి చెప్పడం కష్టం. వసారాలో పిల్లలు ఖాళీ పళ్లేల ముందు రెండు వరుసలుగా కూర్చుంటారు. ఎదురుగా ఒక పెద్దావిడ మోకాళ్ల మీద అరచేతులు పరిచి కూర్చుంటారు. రెండు గంటల సేపు ఎవరూ మాట్లాడరు. ముప్పై జతల కళ్లు రెప్పవేయకుండా ఆ పది వేళ్లను చూస్తుంటాయి. కొత్తగా బదిలీ అయి వచ్చిన అధికారి ఒకరు ఒకసారి ఆ గుమ్మం దాకా వచ్చి, లోపలికి అడుగుపెట్టలేక జీపులోకి వెళ్లి కూర్చున్నారు. రెండువేల పదిహేడులో చాటువా గూడెంలో గంటన్నర గడిచాక ఆ వేళ్లు కదిలాయి. బస్తా మార్పిడి జరిగిందని తరువాత తేలింది. ఇరవై రెండు మంది పిల్లలు పళ్లేలు బోర్లించి, ఏడవకుండా, ఒకరి వెనుక ఒకరు ఇళ్లకు వెళ్లిపోయారు. ఆ పిల్లలకు ఎవరూ ఏమీ చెప్పనక్కరలేకపోయింది.

నేడు మన బ్లాకులో నలభై నాలుగు గూడేల్లో అరికెలు, సామలు పండుతున్నాయి. భాలుపానీలో బరువు తక్కువ పిల్లలు ముప్పై ఒక్క మందిలో పంతొమ్మిది మంది ఉండేవారు, ఇప్పుడు నలుగురున్నారు. అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరమైన రెండువేల ఇరవై మూడులో రాజధానిలో జరిగిన వేడుకకు ఫగునీ గారిని పిలిచి శాలువా కప్పారు. వారు మాత్రం మరుసటి ఉదయమే బయలుదేరి వచ్చేశారు. ఆ వారం మూడు ఊళ్లలో బస్తాలు విప్పవలసి ఉంది.

గత జనవరిలో భాలుపానీలో జరిగినదానితో ఈ వ్యాసం ముగిస్తాను. గింజ నిలవది, పరీక్ష జరిగినది, మచ్చలేనిది. వారు తిని పావుగంట కాకముందే ఎడమ చెయ్యి వణకసాగింది. పిల్లలు లేచారు. ఎవరూ అరవలేదు. పళ్లేలు అక్కడే వదిలి, వీపులు గోడకు ఆనేదాకా వెనక్కి జరిగారు. ఫగునీ గారు తమ చేతిని తామే కాసేపు చూసుకుని, తలుపు దగ్గరున్న తల్లులతో అన్నారు.

"ఇది అరికెలది కాదమ్మా. డాక్టరు ఆర్నెల్ల కిందటే చెప్పాడు. నరాల జబ్బు, ఇక తగ్గదట. మీకు చెప్పడానికి నోరు రాలేదు. ఇవాళ్టి నుంచి నా చేతులు సాక్ష్యానికి పనికిరావు."

 తరువాత ఒక తల్లి లోపలికి వచ్చి వారి పక్కన కూర్చుని, గుండిగ వైపు దొప్ప చాపింది. ఆమె వెనుక ఇంకొకామె. అలా తొమ్మిది మంది కూర్చుని తిన్నారు, మోకాళ్ల మీద చేతులు పరిచారు. రెండు గంటలు గడిచాయి. పద్దెనిమిది చేతులు రాళ్లలా ఉన్నాయి. ఒక్క చెయ్యి వణుకుతూనే ఉంది.

అయిదేళ్ల పిల్ల ఒకతె గోడ విడిచి, ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చి, ఆ చేతి మీద తన చెయ్యి పెట్టి అదిమింది. అది ఆగలేదు.

"దీన్ని ఎందుకు ఆపవు?"

"ఆగదే తల్లీ."

"అరికెలది కాదా?"

"కాదు. ముసలితనానిది."

పిల్ల వారి ముఖంలోకీ, పక్కనున్న తొమ్మిది మంది చేతుల వైపూ మార్చి మార్చి చూసింది. "అయితే తింటాం" అని గోడవైపు తిరిగి అందరినీ పిలిచింది. పళ్లేల చప్పుడు మళ్లీ మొదలైంది.

శ్రీమతి ఫగునీ మరావీ గారూ! మీ తరువాత ఆ వసారాల్లో కూర్చోవడానికి నలభై నాలుగు ఊళ్ల తల్లులు వంతులు వేసుకున్నారు. ఆ జాబితా నా గిడ్డంగి గోడకు అంటించి ఉంది. మీరు ఇక ఎవరి కోసమూ కదలకుండా కూర్చోనక్కరలేదు. జబ్బు ముదరకుండా, మనసు కుంగకుండా, మనుమలూ మనుమరాళ్ల మధ్య నూరేళ్లూ నిండుగా జీవించండి. ఆ చేతులు ఎంతగా వణికినా, వాటిని చూసి లేచి వెళ్లేవారు కాక, వచ్చి పట్టుకునేవారే మీ చుట్టూ ఉందురు గాక.

రతిరామ్ టేకామ్
విత్తన గిడ్డంగి నిర్వాహకుడు, సెమర్‌ఖార్ బ్లాకు